ఒక మీటరు ఇరవై

గోడ మీద నీలం అంకెల్లో రాసి ఉంది లోతు:
ఒక మీటరు ఇరవై.
నా రొమ్ముల దాకా, అంతే.
అయినా మెట్ల పక్క కడ్డీని వదలవు నా వేళ్ళు.

జీలాంగ్‌లో జూన్ మంగళవారం, సాయంత్రం ఆరుంపావు.
బయట అడ్డంగా కొడుతున్న వాన.
లోపల క్లోరిన్ వాసన, గోరువెచ్చని ఆవిరి,
ఈత రాని పెద్దవాళ్ళ తరగతి.
నలుగురం. అందరిలోకీ చిన్నదాన్ని నేనే, నలభై తొమ్మిది.
ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు అన్న గడి
ఫారంలో ఖాళీగా వదిలేశాను.

ఎప్పుడైనా మునిగిన జ్ఞాపకం ఉందా
అని అడిగింది గ్లెనిస్, ఒక మోకాలు వంగని మా టీచరు.
ఆలోచించాను.
మునగడానికి సరిపడా నీళ్ళు
మా కదిరిలో ఎప్పుడున్నాయి గనక?

ఆమెకెలా చెప్పను?
నీళ్ళంటే నాకు బిందెలు.
వారానికి రెండుసార్లు ట్యాంకరు, ఇంటికి ఆరు.
బియ్యం కడిగిన నీళ్ళు గేదెకి,
మా జేజి స్నానం నీళ్ళు కరివేపాకు మొక్కకి,
చెంబు ఒలికితే చెంప పగిలేది.
ఇన్ని నీళ్ళు ఒకేచోట,
ఎవరూ కాపలా లేకుండా, ఎవరూ తాగకుండా
ఊరికే పడి ఉంటే
అది భయమో, తప్పు చేస్తున్నట్టో,
రెండూ కలిసి మోకాళ్ళలోకి దిగుతాయి.

"భయమా?" అంది. నీళ్ళు నమిలాను.
మేం ధైర్యం పోతే నీరుగారిపోతాం,
ఆశ పోతే నీళ్ళొదులుకుంటాం,
కడుపు పండితే నీళ్ళు పోసుకుంటాం.
లేని సరుకు గురించే
ఎక్కువ మాట్లాడతారేమో మనుషులు.

నా పక్కన స్తావ్రోస్, డెబ్భై ఒకటి, జాలరి కొడుకు.
ఈత వస్తే చావడానికి ఆలస్యమవుతుందని
వాళ్ళ నాన్న నేర్పనే లేదట.
"ఆయన పోయింది మంచం మీద, గుండెపోటుతో"
అని నవ్వి, ముక్కు మూసుకుని
నాకంటే ముందే మునిగాడు దొంగ.

రెండో వారం ముఖం పెట్టి బుడగలు ఊదాను.
మూడో వారం జ్వరమని అబద్ధం చెప్పాను.
నాలుగో వారం కడ్డీ పట్టుకుని కాళ్ళాడించాను,
నా కాళ్ళు కానట్టు, ఎవరివో అద్దెకు తెచ్చినట్టు.

ఐదో వారం
నా తల కింద అరచెయ్యి పెట్టి
"చెవులు కూడా తడవాలి" అంది గ్లెనిస్.
చెవులు.
దానికి సిద్ధపడి రాలేదు నేను.

మునిగాయి చెవులు.
పిల్లల కేకలు, ఈల, వాన, అన్నీ ఆరిపోయి
ఒక్క హోరు.
తెలుసు ఇది నాకు.
ట్యాంకరు రాని మధ్యాహ్నాల్లో వరసలో కూర్చుని
నేనూ ఎదురింటి ఖాజాబీ
ఖాళీ బిందెలకు చెవులానించి వినేవాళ్ళం,
మార్చుకుని మరీ.
స్టీలుది సన్నగా, ఇత్తడిది బరువుగా.
ఇన్నాళ్ళూ అది లేమి చేసే చప్పుడనుకున్నా.
నిండుగా ఉన్నదీ అదే మాట మాట్లాడుతోందే!

పైకప్పులో ఒక ట్యూబులైటు కొట్టుకుంటోంది.
మార్చాలి దాన్ని, అనుకున్నాను.
అరచెయ్యి ఎప్పుడు తీసేసిందో చూడలేదు.

చూశాక మునిగాను, అది వేరే సంగతి.
ముక్కులోకి, గొంతులోకి,
వరసలో నిలబడకుండా దొరికిన మొదటి గుక్క.
స్తావ్రోస్ చప్పట్లు కొట్టాడు,
తేలినందుకో, మునిగినందుకో.
నిండా మునిగినవాడికి చలేమిటి అంటారు గానీ
వేసింది, పళ్ళు టకటకమనేంత.

బట్టలు మార్చుకునే గదిలో
బొత్తాం నొక్కితే ముప్పై సెకన్లే వస్తుంది షవరు.
అందరూ విసుక్కుంటారు.
నాకు ఇరవై చాలు, పది మిగుల్తాయి.

ఇవాళ రెండోసారి నొక్కాను.
ఎవరైనా చూశారా అని
వెనక్కి తిరిగి.